8 అంగుళాల టెలిస్కోప్‌తో హెచ్‌డీ 189733 బి ట్రాన్సిట్: గ్రాఫ్‌లో మధ్యలో మెట్టు, చివర ఏటవాలు. ఎక్కడ సరిచేయాలి?

చుక్కలలెక్క:

సౌరేతర గ్రహాల ట్రాన్సిట్లు (గ్రహం తన తార ముందునుంచి దాటుతూ దాని వెలుగుని కాస్త తగ్గించడం) కొలిచే అలవాటున్నవాళ్ల సలహా కావాలి.

పరికరాలు: 200 మి.మీ. ఎఫ్/5 న్యూటోనియన్, జర్మన్ ఈక్వటోరియల్ మౌంట్, గైడ్ స్కోప్. ఐఎమ్‌ఎక్స్ 533 సెన్సర్ ఉన్న కలర్ కెమెరా, మైనస్ 10 డిగ్రీల దగ్గర. పిక్సెల్ 3.76 మైక్రాన్లు, అంటే పిక్సెల్‌కి 0.78 ఆర్క్‌సెకన్లు. ఫిల్టర్ ఏదీ లేదు.

తీసిన తీరు: ఆగస్టు మొదటి వారం, చంద్రుడు లేని రాత్రి. ఫోకస్ పదునుగా పెట్టి 4 సెకన్ల ఎక్స్‌పోజర్లు, ఫ్రేముకి ఫ్రేముకి మధ్య ఒక సెకను. ట్రాన్సిట్‌కి 40 నిమిషాల ముందు మొదలుపెట్టి, అయ్యాక 50 నిమిషాల దాకా. ఎయిర్‌మాస్ 1.0 దగ్గర మొదలై 1.4 దగ్గర ముగిసింది (తార వెలుగు దాటొచ్చే గాలి మందం అది; నెత్తిమీద 1, కిందికి దిగేకొద్దీ ఎక్కువ). డార్కులు (మూత పెట్టి తీసేవి), ఫ్లాట్లు (సమానంగా వెలిగే తెరని తీసి, ఫ్రేములో చోటుని బట్టి వచ్చే వెలుగు తేడా సరిచేసేవి) 20 చొప్పున. డీబేయర్ చేసి, మూడు రంగులూ కలిపి, ఆస్ట్రోఇమేజ్‌జేలో కొలత. పోలిక తార ఒక్కటే: 10.8 మ్యాగ్నిట్యూడ్ (సంఖ్య పెరిగేకొద్దీ తార మసక), బి మైనస్ వి 0.2 (తార రంగు కొలత; తక్కువైతే నీలం వైపు, ఎక్కువైతే ఎరుపు వైపు).

వచ్చింది: పాయింట్ల చెదురు 1.2 శాతం. సగటు తీస్తే పల్లం కనిపిస్తోంది. కానీ మూడు తేడాలున్నాయి. ఒకటి, పల్లం అడుగుకి చేరే వేళకే మౌంట్ మెరిడియన్ ఫ్లిప్ చేసింది (తార నడినెత్తి ఉత్తర దక్షిణ గీత దాటాక టెలిస్కోప్‌ని రెండో వైపుకి తిప్పడం), అక్కడ 0.8 శాతం మెట్టు పడింది. రెండు, ట్రాన్సిట్ అయ్యాక గ్రాఫ్ మొదటి మట్టానికి రాకుండా దానికంటే 0.6 శాతం పైకి పోయింది. మూడు, ప్రచురిత మధ్యకాలం (ట్రాన్సిట్ నడిమి సమయం), పీరియడ్ (గ్రహం తార చుట్టూ ఒకసారి తిరిగే కాలం) తీసుకుని నేను వేసిన లెక్క కంటే మొత్తం ట్రాన్సిట్ దాదాపు 7 నిమిషాలు ముందుగా జరిగినట్టుంది.

లోతు 2.4 శాతం ఉన్న గ్రహానికే ఇలా అయితే మిగతావాటి సంగతేంటి? ముందు దేన్ని సరిచేయాలి?


ఫోటాన్‌గుమాస్తా:

వివరాలన్నీ ఇచ్చారు కాబట్టి లెక్క వేయొచ్చు. మూడు తేడాలకీ మూడు వేర్వేరు కారణాలు.

ముందు చెదురు సంగతి. 1.2 శాతం అనేది లోపం కాదు, మీ పద్ధతికి రావాల్సినదే వచ్చింది. 7.67 మ్యాగ్నిట్యూడ్ ఉన్న హెచ్‌డీ 189733 నుంచి మీ అద్దానికి, మూడు రంగులూ కలిపి సెకనుకి సుమారు 80 వేల ఎలక్ట్రాన్లు వస్తాయి. 10.8 తార దాని కంటే దాదాపు 18 రెట్లు మసక. అంటే 4 సెకన్లలో దానినుంచి వచ్చేది 18 వేలు. వర్గమూలం 134, శాతంలో 0.75. దీనికి తోడు తారల మినుకు. 20 సెం.మీ. అద్దం, 4 సెకన్లు, ఎయిర్‌మాస్ 1.2 అనుకుంటే యంగ్ సూత్రం ప్రకారం ఒక్కో తారకి 0.6 శాతం వస్తుంది. రెండు తారలూ వేర్వేరు గాలి దారుల్లోంచి వస్తాయి కాబట్టి వాటి మినుకు ఒకదాన్నొకటి కొట్టేసుకోదు. అన్నీ వర్గాల్లో కలిపితే 1.15 దగ్గర తేలుతుంది, మిగిలింది ఆకాశపు వెలుగు, రీడ్ నాయిస్. 5 నిమిషాల సగటులో 60 ఫ్రేములు పడతాయి, చెదురు 0.16 శాతానికి దిగుతుంది. 2.4 శాతం పల్లానికి అది చాలు. అంటే మీ ఫొటాన్లు సరిపోతున్నాయి, సగటుతో పోని తప్పులే మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాయి.

చివర పైకి లేవడం: ఇది పోలిక తార రంగు వల్ల. హెచ్‌డీ 189733 నారింజ రంగు కె తరగతి తార, బి మైనస్ వి 0.93. మీ పోలిక తార 0.2. వాతావరణం నీలాన్ని ఎక్కువ మింగుతుంది. ఫిల్టర్ లేకుండా మూడు రంగులూ కలిపినప్పుడు, తారలు కిందికి దిగేకొద్దీ పోలిక తార మీ తార కంటే వేగంగా మసకబారుతుంది, నిష్పత్తి పైకి పోతుంది. 0.7 రంగు తేడాకి, ఎయిర్‌మాస్ 0.4 పెరగడానికి అర శాతం పైచిలుకు రావడం మామూలే. తార కిందికి దిగకుండా పైకెక్కే రాత్రి అయితే ఇదే ఏటవాలు తిరగబడి మొదట్లో కనిపించేది.

సరిచేయడం: డీబేయర్ మానేయండి. డీబేయర్ చేసినప్పుడు ప్రోగ్రాం పక్క పిక్సెళ్ల విలువలు అరువు తెచ్చి ఖాళీలు నింపుతుంది, అది చూడటానికి బాగుంటుంది తప్ప కొలతకి పనికిరాదు. ముడి ఫ్రేములోంచి ఆకుపచ్చ పిక్సెళ్లు మాత్రమే విడదీసి, ప్రతి 2×2 గడిలోని రెండు ఆకుపచ్చల్నీ సగటు చేయండి. 1504×1504 చిత్రం వస్తుంది, పిక్సెల్‌కి 1.55 ఆర్క్‌సెకన్లు. ఆకుపచ్చ బ్యాండ్ ఇరుకు కాబట్టి రంగు తప్పు బాగా తగ్గుతుంది. పోలిక తారలు ఒకటి కాదు, నాలుగైదు తీసుకోండి. బి మైనస్ వి 0.6 నుంచి 1.2 మధ్య ఉన్నవి. మీ ఫీల్డ్ 39 ఆర్క్‌మినిట్లు, పాలపుంత మీద ఉంది, తారలకి కరువు లేదు.

ఎక్స్‌పోజర్ పెంచండి. పదునైన ఫోకస్‌లో ఈ తార 8, 10 సెకన్లకే పిక్సెల్‌ని నింపేస్తుంది కాబట్టి కొంచెం డీఫోకస్ తప్పదు. ఎఫ్/5 దగ్గర ఫోకసర్‌ని 0.38 మి.మీ. జరిపితే 20 పిక్సెళ్ల వలయం వస్తుంది. అలా 30 సెకన్లు పెట్టి, 10.5 మ్యాగ్నిట్యూడ్ తారలు నాలుగు తీసుకుంటే ఫ్రేముకి 0.3 శాతం చెదురు దాకా దిగొచ్చు.

ఇక 7 నిమిషాలు. ప్రచురిత కాలాలు బీజేడీలో ఉంటాయి: సౌరవ్యవస్థ ద్రవ్యకేంద్రం దగ్గర నిలబడి చూసిన సమయం, అదీ టీడీబీ గడియారంలో. మీ కెమెరా రాసేది భూమి మీది యూటీసీ. ఈ తార క్రాంతివృత్తానికి 42 డిగ్రీలు ఉత్తరాన ఉంది కాబట్టి కాంతి ప్రయాణపు తేడా గరిష్ఠంగా 6.2 నిమిషాలు. తార సూర్యుడికి ఎదురుగా ఉండేది ఆగస్టు మొదట్లోనే, అప్పుడు భూమి తార వైపు ఉంటుంది, కాంతి మనకి ముందే అందుతుంది. దానికి టీడీబీకీ యూటీసీకీ మధ్య ఉన్న 69 సెకన్లు కలపండి. 7.3 నిమిషాలు. గ్రహం సమయానికే వచ్చింది. ఆస్ట్రోఇమేజ్‌జేలో అక్షాంశ రేఖాంశాలు, తార నిర్దేశాంకాలు ఇస్తే బీజేడీ వరస అదే వేసిస్తుంది. కంప్యూటర్ గడియారాన్ని మాత్రం మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్ టైమ్‌తో సరిచూసుకోండి.


రేవతినక్షత్రం:

పై లెక్కలతో పేచీ లేదు గానీ 20 పిక్సెళ్ల డీఫోకస్‌తో ఒప్పుకోను. అది ఖాళీగా ఉన్న ఆకాశంలో మంచి సలహా. ఇది వల్పెక్యులా నక్షత్రమండలం, తారలు కిక్కిరిసిన చోటు. 20 పిక్సెళ్లంటే 15.6 ఆర్క్‌సెకన్ల వలయం; ఆ వెడల్పుకి పోలిక తారల మీద పక్క తారలు ఎక్కి కూర్చుంటాయి. గాలి నిలకడ మారినప్పుడల్లా పక్క తార వెలుగు కొలత వలయంలోకి కొంత వస్తూ పోతూ ఉంటుంది, అది ట్రాన్సిట్‌లాంటి ఎగుడుదిగుళ్లని తయారుచేస్తుంది. 12 పిక్సెళ్లకి మించొద్దు. ఫోకసర్ 0.23 మి.మీ. చాలు. 30 సెకన్లకి పిక్సెల్ సగం దాకా నిండుతుంది, 70 శాతం లోపే ఉండాలన్న నియమం దాటదు. లక్ష్య తారకి 11 ఆర్క్‌సెకన్ల దూరంలో ఒక ఎర్ర మరుగుజ్జు జంట తార కూడా ఉంది. చాలా మసక, లోతుని పాడుచేయదు. అయినా కొలత వలయం అంచు దాని మీద పడకుండా, పూర్తిగా లోపలో పూర్తిగా బయటో ఉండేలా చూసుకుంటే మేలు. రాత్రి చల్లబడేకొద్దీ ట్యూబ్ కుదించుకుపోయి ఫోకస్ జరుగుతుంది. డీఫోకస్‌ని ఎప్పుడూ ఒకే దిక్కున పెట్టండి, లేకపోతే మధ్యలో ఫోకస్ పదునెక్కి తార సాచురేట్ అయిపోతుంది.

మెట్టు గురించి ఎవరూ చెప్పలేదు. ఫ్లిప్ అయ్యాక సెన్సర్ మీద ఆకాశం 180 డిగ్రీలు తిరుగుతుంది. ఎడమ అంచున ఉన్న పోలిక తార కుడి అంచుకి పోతుంది. ఫ్లాట్ సరిగ్గా ఉంటే ఏమీ కాకూడదు. 0.8 శాతం మెట్టు పడిందంటే మీ ఫ్లాట్ రెండు అంచుల మధ్య అంత అబద్ధం చెబుతోంది. న్యూటోనియన్‌లో దీనికి మామూలు కారణాలు రెండు. ఒకటి, ప్రధాన అద్దం వెనకనుంచి వెలుగు దూరడం. ఫ్లాట్లు తీసేటప్పుడు చుట్టుపక్కల వెలుతురు ఉంటుంది, రాత్రి ఉండదు. అందుకే ఫ్లాట్‌లో మాత్రమే ఆ అదనపు వెలుగు నమోదవుతుంది. వెనక మూత వేసి, నల్లగుడ్డ చుట్టి తీయండి. రెండు, ఫోకసర్ గొట్టం లోపలి మెరుపు. లోపల మెరవని నలుపు అతికించాలి.

ఫ్లాట్ నిజమో కాదో తేల్చడానికి ఓ పరీక్ష. నిలకడైన రాత్రి, నెత్తిమీద ఉన్న 9 మ్యాగ్నిట్యూడ్ తార జంట ఒకటి తీసుకోండి. మౌంట్‌ని జరుపుతూ ఆ జంటని సెన్సర్ మీద 3×3 గడుల్లో తొమ్మిది చోట్ల పెట్టి, చోటుకి 30 సెకన్ల ఫ్రేములు పది తీయండి. ప్రతి చోటా రెండు తారల నిష్పత్తి కొలవండి. అది 0.3 శాతానికి మించి మారుతోందంటే ఫ్లాట్ తప్పే. 20 ఫ్లాట్లు సంఖ్యలో చాలు, ఒక్కోటి పిక్సెల్‌ని సగం నింపాలి. సంఖ్య పెంచితే నాయిస్ తగ్గుతుందే తప్ప దొంగ వెలుగు పోదు.

అసలు సంగతి ఒకటి మిగిలింది. కాంతివంతమైన తార కాబట్టి సులువు అనుకుని అందరూ దీంతోనే మొదలుపెడతారు. చిన్న టెలిస్కోప్‌కి ఇది కష్టమైన తారల్లో ఒకటి. సాటి పోలిక తార ఫీల్డ్‌లో దొరకదు, ఎక్స్‌పోజర్ చిన్నది కావడంతో మినుకు పెరుగుతుంది. 11, 12 మ్యాగ్నిట్యూడ్ దగ్గర పోలిక తారలు దండిగా ఉంటాయి, పదునైన ఫోకస్‌తోనే 60 సెకన్లు పెట్టొచ్చు. ఆకురాలు కాలంలో హ్యాట్-పి-32 బి చూడండి: 11.3 మ్యాగ్నిట్యూడ్, లోతు 2 శాతం పైనే, మూడు గంటల ట్రాన్సిట్. వాస్ప్-52 బి అయితే 12 మ్యాగ్నిట్యూడ్, లోతు 2.7 శాతం, గంటా ముప్పావు. ట్రెస్-3 బి గంటా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, కానీ గ్రహం తార అంచుని రాసుకుంటూ పోతుంది కాబట్టి పల్లం ‘వి’ ఆకారంలో ఉంటుంది, లోతు తేల్చడం కష్టం. మొదటిదానికి అది వద్దు.


చుక్కలలెక్క:

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఇంకో మూడు సందేహాలు. ఫ్లిప్ బాధ లేకుండా ఇదే గ్రహానికి మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలో ఎలా తేల్చుకోవాలి? రెండోది, ఆస్ట్రోఇమేజ్‌జేలో డీట్రెండ్ పెట్టెలు (ఫలానా కారణంతో వచ్చిన హెచ్చుతగ్గుల్ని గ్రాఫ్ నుంచి తీసేసేవి) చాలా ఉన్నాయి. ఎయిర్‌మాస్, ఎక్స్, వై, తార వెడల్పు, ఆకాశపు వెలుగు అన్నీ టిక్ చేస్తే గ్రాఫ్ ముచ్చటగా వస్తోంది, అలా చేయొచ్చా? మూడోది, ఈ తారకి మచ్చలెక్కువ అంటారు, వాటివల్ల ఏమైనా తేడా వస్తుందా?


ఫోటాన్‌గుమాస్తా:

మొదటిదానికి: పీరియడ్ 2.218576 రోజులు. 9 చుట్లకి 19.967 రోజులు. అంటే 20 రోజుల తర్వాత ట్రాన్సిట్ గడియారం ప్రకారం 47 నిమిషాలు ముందుగా వస్తుంది. ఆ 20 రోజుల్లో తార మెరిడియన్ దాటే సమయం మాత్రం 79 నిమిషాలు ముందుకి జరుగుతుంది. తేడా 32 నిమిషాలు. ఆకాశంలో ట్రాన్సిట్ అంత పడమరకి జరిగినట్టు. మీరు చెప్పిన ఎయిర్‌మాస్‌ని బట్టి మీ ట్రాన్సిట్ మధ్యభాగం మెరిడియన్ దాటాక గంటన్నరకి జరిగింది. 20 రోజులకి అది రెండు గంటలవుతుంది. తార మెరిడియన్ దాటగానే ఫ్లిప్ చేసేసి, గైడింగ్ కుదిరాక మొదలుపెడితే ముందు గంట, ట్రాన్సిట్ గంటా 48 నిమిషాలు, తర్వాత గంట, అన్నీ ఒకే వైపు పడతాయి. చివర్లో ఎయిర్‌మాస్ 1.7 దాటొచ్చు, అందుకే పోలిక తారల రంగు ముందు సరిచేసుకోండి. ముందూ వెనకా గంట చొప్పున మట్టం తప్పనిసరి. 40 నిమిషాలు తక్కువ. అందులో మొదటి పది పదిహేను నిమిషాలు గైడింగ్ స్థిరపడటానికే పోతాయి.

తూర్పు వైపు కావాలంటే 4 చుట్లు లెక్కపెట్టండి: 8.874 రోజులు, గడియారం ప్రకారం 3 గంటలు ముందు.

ఈ తార కనిపెట్టడం తేలిక, డంబెల్ నెబ్యులాకి తూర్పున 16 ఆర్క్‌మినిట్ల దూరంలో ఉంటుంది. నెబ్యులాని ఫీల్డ్ మూలకి నెట్టండి, దాని మీద పడే పోలిక తారల్ని వాడొద్దు. ఆకాశపు వెలుగు లెక్క చెడుతుంది.


కక్ష్యాలేఖ:

డీట్రెండ్ గురించి. అన్నీ టిక్ చేయడం ఎట్టిపరిస్థితుల్లోనూ వద్దు. ప్రతి టిక్కూ మోడల్‌కి ఒక స్వేచ్ఛ ఇచ్చినట్టే. ట్రాన్సిట్ గంటా నలభై ఎనిమిది నిమిషాలు, మీ మొత్తం కొలత మూడుంబావు గంటలు. ఆ వ్యవధిలో ఎక్స్ నెమ్మదిగా జరిగినా, ఆకాశపు వెలుగు నెమ్మదిగా మారినా వాటి రేఖలు పల్లం ఆకారాన్ని కొంత అనుకరించగలవు. ప్రోగ్రాం పల్లంలో కొంత భాగాన్ని వాటి ఖాతాలో వేసేస్తుంది. గ్రాఫ్ నున్నగా వస్తుంది, లోతు 2.4 బదులు 2.0 వస్తుంది. అదే ప్రమాదం: తప్పు సమాధానం అందంగా కనిపిస్తుంది.

ఇలా చేయండి. ముందు ఏ టిక్కూ లేకుండా ఫిట్ చేసి బీఐసీ విలువ (మోడల్ ఎంత బాగా కుదిరిందో, ఎన్ని స్వేచ్ఛలు వాడిందో కలిపి చెప్పే సంఖ్య; తక్కువైతే మేలు) రాసుకోండి. తర్వాత ఎయిర్‌మాస్ ఒక్కటే చేర్చండి. బీఐసీ 2 కంటే ఎక్కువ తగ్గితేనే ఉంచండి. తర్వాత ఒక్కోటి మార్చి మార్చి చూడండి. రెండు చాలు, మూడోది అరుదు. మెట్టుకి విడిగా మెరిడియన్ ఫ్లిప్ పరామితి ఉంది, ఫ్లిప్ సమయం ఇస్తే రెండు ముక్కలకీ మధ్య ఆఫ్‌సెట్ వేస్తుంది. కానీ మీ పాత డేటాలో ఫ్లిప్ సరిగ్గా పల్లం అడుగుకి చేరే చోట పడింది. అక్కడ మెట్టెంత, పల్లమెంత అని ఏ గణితమూ విడదీయలేదు. ఆ రాత్రి లోతుని నమ్మకండి, మధ్యకాలాన్ని కూడా జాగ్రత్తగానే తీసుకోండి.

ఫిట్‌లో పీరియడ్‌ని తెలిసిన విలువకి బిగించండి, ఒక్క ట్రాన్సిట్ నుంచి అది రాదు. కక్ష్య వ్యాసార్ధానికీ తార వ్యాసార్ధానికీ నిష్పత్తి 8.8 దగ్గర, కక్ష్య వంపు 85.7 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. తార అంచులు మధ్యకంటే మసకగా కనిపించడానికి సంబంధించిన రెండు గుణకాలూ మీ ఫిల్టర్‌కీ తార ఉష్ణోగ్రతకీ తగినవి పట్టికలోంచి తీసి బిగించండి. వాటిని వదిలేస్తే ఈ నాణ్యత డేటాలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి. ఈ గ్రహం తార మధ్యనుంచి కాక బాగా పక్కనుంచి దాటుతుంది కాబట్టి దిగడానికీ ఎక్కడానికీ చెరో పాతిక నిమిషాల దాకా పడుతుంది. అందుకని సగటు గుంపులు 5 నిమిషాలకి మించనివ్వకండి, మూలలు అరిగిపోతాయి. ఫిట్ మాత్రం ఎప్పుడూ సగటు తీయని పాయింట్ల మీదే.

లోతు 2.4 శాతం వస్తే వర్గమూలం 0.155. తార వ్యాసార్ధం సూర్యుడి దాంట్లో 0.78, సూర్యుడు గురుడికి 9.7 రెట్లు. గుణిస్తే గ్రహం గురుడి కంటే ఆరో వంతు పెద్దది. మీ సంఖ్య దీనికి పది శాతం లోపల ఉంటే పద్ధతి కుదిరినట్టే.

మచ్చల సంగతి: తార 12 రోజులకోసారి తన చుట్టూ తను తిరుగుతుంది, ఒకటి రెండు శాతం వెలుగు మారుతుంది. నాలుగు గంటల్లో దాని ప్రభావం మీకు కనపడదు. గ్రహం మచ్చ మీదుగా దాటితే పల్లం అడుగున చిన్న బుడిపె లేస్తుంది గానీ మీ కొలతలో బుడిపె కనిపిస్తే ముందు మేఘాన్నీ గైడింగ్ రికార్డునీ అనుమానించండి.


చుక్కలలెక్క:

స్పష్టంగా ఉంది. ఆకుపచ్చ పిక్సెళ్లతో పాత డేటా మళ్లీ కొలుస్తాను. ఒక్క ప్రశ్న, కొంచెం పక్కకి: ఇదంతా తెలిసిన గ్రహాల్ని మళ్లీ చూడటమే కదా. ఈ పరికరాలతో కొత్త గ్రహం వెతకడం కుదురుతుందా?


కక్ష్యాలేఖ:

మీ టెలిస్కోప్‌ని ఏదో ఒక తారకి గురిపెట్టి ఎదురుచూస్తే కుదరదు. వేడి గురుడి (తారకి బాగా దగ్గరగా తిరిగే గురుడంత గ్రహం) కక్ష్య మన చూపుకి సరిపడా వాలి ఉండే అవకాశం పదింట ఒకటి. అసలు వేడి గురుడున్న తారలే నూటికి ఒకటో అంతకంటే తక్కువో. ఉన్నా మూడు నాలుగు రోజులకోసారి మూడు గంటలు దాటుతుంది, అదీ మీకు పగలైతే పోయినట్టే. భూమిలాంటిదైతే సూర్యుడి మీద వేసే పల్లం 0.0084 శాతం, పైన తేలిన 0.3 శాతం పక్కన పెట్టి చూసుకోండి.

వెతకడానికి మంచి చోటు ట్రాన్సిట్ల కోసమే పంపిన నాసా ఉపగ్రహం టెస్ డేటా. 2018లో ఎగిరిన ఈ ఉపగ్రహంలో కెమెరా ఒక్కోటి 10.5 సెం.మీ. అపెర్చర్ మాత్రమే, మీ అద్దంలో సగం. వాతావరణం లేదు, ఒక్కో సెక్టార్‌ని 27 రోజులపాటు చూస్తుంది. అక్కడే ఉంది బలం. డేటా అంతా ఉచితం. పైథాన్‌లో లైట్‌కర్వ్ లైబ్రరీ వేసుకుని తార సంఖ్య ఇస్తే దిగుతుంది. 2 నిమిషాల డేటా ఉంటే అదే తీసుకోండి. నాణ్యత ఫ్లాగులున్న పాయింట్లు తీసేయండి, ప్రతి 13.7 రోజులకీ ఉపగ్రహం భూమి దగ్గరికొచ్చి డేటా పంపే చోట ఒక ఖాళీ ఉంటుంది, దాని అంచుల్లో భూమి వెలుగు చిమ్మి దొంగ పల్లాలు వస్తాయి. ఆ అంచుల్ని కూడా కత్తిరించండి.

ఎక్కువమంది ఇరుక్కునేది తర్వాతి మెట్టులో. తార సొంత హెచ్చుతగ్గుల్ని చదును చేసే ఫ్లాటెన్ ఫంక్షన్‌లో కిటికీ వెడల్పు మామూలుగా 101 పాయింట్లుంటుంది. 2 నిమిషాల డేటాకి అది 3 గంటల 22 నిమిషాలు. మూడు గంటల ట్రాన్సిట్‌ని ఆ కిటికీ నిక్షేపంగా మింగేస్తుంది. వెడల్పు ట్రాన్సిట్‌కి కనీసం మూడు రెట్లుండాలి. 301 తక్కువలో తక్కువ, 401 నయం. సరి సంఖ్య కాక బేసి సంఖ్యే ఇవ్వాలి. తర్వాత బీఎల్‌ఎస్ పీరియడ్ వెతుకులాట (పెట్టె ఆకారపు పల్లం మళ్లీ మళ్లీ వచ్చే పీరియడ్‌ని పట్టే పద్ధతి), 0.5 నుంచి 13 రోజుల దాకా. బలమైన శిఖరం దొరికితే ఆ పీరియడ్‌తో మడతపెట్టి చూడండి.

పల్లం కనబడగానే సంబరపడొద్దు. టెస్ పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు. మీ 0.78తో పోల్చండి. ఒక్క పిక్సెల్‌లో పది తారలు ఇరుక్కుని ఉండొచ్చు. ప్రధాన తార కంటే 4 మ్యాగ్నిట్యూడ్లు మసకైన ఒక గ్రహణ జంట తార పక్కనే ఉండి, తన వెలుగులో సగం కోల్పోయిందనుకోండి. మొత్తంలో అది 40లో ఒక వంతు, దాంట్లో సగం: 1.2 శాతం. అచ్చం గురుడంత గ్రహం దాటినట్టే ఉంటుంది. అందుకని సరి, బేసి పల్లాల లోతు విడివిడిగా కొలవండి; తేడా ఉంటే అది రెట్టింపు పీరియడ్ ఉన్న జంట తార. సగం దశ దగ్గర చిన్న పల్లం ఉందేమో చూడండి. పల్లం సమయంలో వెలుగు కేంద్రం పక్కకి జరుగుతోందేమో చూడండి.

మీ 8 అంగుళాలు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. టెస్ అభ్యర్థి తారల జాబితా ఎక్సోఫాప్ వెబ్‌సైట్‌లో బహిరంగంగా ఉంది, వేలల్లో. ఒకటి ఎంచుకుని, అది దాటే సమయానికి ఫీల్డ్ అంతా తీసి, చుట్టూ 2.5 ఆర్క్‌మినిట్ల లోపల ఉన్న ప్రతి తార వెలుగునీ విడిగా కొలవండి. పల్లం ఏ తారది? లక్ష్యానిదా, పక్కదానిదా? గ్రహ పల్లం మరీ చిన్నదై మీకు కనపడకపోయినా, పక్క తారలేవీ మసకబారలేదని తేల్చడం కూడా ఫలితమే. ఇది మీ పరికరాలకి అందే పని. ఆకుపచ్చలోనూ ఎరుపులోనూ లోతు ఒకేలా ఉంటే గ్రహమయ్యే అవకాశం పెరుగుతుంది; రంగుని బట్టి లోతు మారితే జంట తార. కలర్ కెమెరాకి ఉన్న ఒకే ఒక్క సుగుణం ఇక్కడ అక్కరకొస్తుంది, రెండు రంగులూ ఒకేసారి దొరుకుతాయి.

ఇన్ని దాటాక కూడా అది గ్రహమని మీరు ప్రకటించలేరు. చిన్న ఎర్ర మరుగుజ్జులు, గోధుమ మరుగుజ్జులు, గురుడు: మూడూ పరిమాణంలో దాదాపు ఒకటే. తేడా ద్రవ్యరాశిలో ఉంది. అది తారని ఎంత ఊపుతోందో బట్టి తెలుస్తుంది, ఆ ఊపు కొలవడానికి స్పెక్ట్రోగ్రాఫ్ కావాలి. 1995లో మేయర్, కెలో కనిపెట్టిన 51 పెగసీ బి తన తారని సెకనుకి 56 మీటర్ల వేగంతో ఊపుతుంది, అదే పెద్ద ఊపు కింద లెక్క. భూమి సూర్యుణ్ని ఊపేది సెకనుకి 9 సెంటీమీటర్లు.


రేవతినక్షత్రం:

తెలిసినవాటిని మళ్లీ చూడటాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. పీరియడ్‌లో 0.00001 రోజు అనిశ్చితి ఉంటే చుట్టుకి 0.86 సెకను, వెయ్యి చుట్లకి 14 నిమిషాలు. పెద్ద అంతరిక్ష టెలిస్కోప్ సమయం కేటాయించుకుని చూస్తే గ్రహం పావుగంట ముందే దాటిపోయి ఉంటుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ ఈఎస్ఏ వారి ఏరియల్ మిషన్ కోసం నడుస్తున్న ఎక్సోక్లాక్ ప్రాజెక్టు పని అదే, మీలాంటి పరికరాలున్నవాళ్ల మధ్యకాలాలు తీసుకుంటారు. వాస్ప్-12 బి పీరియడ్ ఏడాదికి సుమారు 30 మిల్లీసెకన్ల చొప్పున కుదించుకుపోతోందని తేలింది కూడా ఏళ్ల తరబడి పోగైన ఇలాంటి మధ్యకాలాల నుంచే.

పంపేటప్పుడు వాళ్లు తిప్పికొట్టే కారణాలు మూడు: సమయం ఎక్స్‌పోజర్ మొదలుదా మధ్యదా అన్నది రాయకపోవడం, బీజేడీయా, భూమి మీది జేడీయా చెప్పకపోవడం, ఒకవైపు మట్టం లేకపోవడం. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో మొదటిది ఒక్కటే 15 సెకన్ల తప్పు. మీ క్యాప్చర్ ప్రోగ్రాం ఫిట్స్ హెడర్‌లో (చిత్రం ఫైలు మొదట్లో ఉండే వివరాలు) ఏది రాస్తోందో ముందే చూసుకోండి, చాలావరకు మొదలునే రాస్తాయి.